యాభై మైళ్ల నిబంధన: కంటైనర్ వచ్చాక రేవు పని ఎవరిది?

తమ చేతిలోని పని జారిపోకుండా కార్మిక సంఘం యజమానితో ఒప్పందం చేసుకోవచ్చు. అదే ఒప్పందంతో ఇంకో యజమాని దగ్గరున్న కార్మికుల పనిని తనవైపు లాక్కోకూడదు. అమెరికా కార్మిక చట్టంలో ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందన్న ప్రశ్న తూర్పు తీరపు రేవుల్లో పదేళ్లకు పైగా నలిగింది. రెండుసార్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండుసార్లూ రేవు కార్మికుల సంఘమే గెలిచింది. అయినా సంఘం కాపాడుకోవాలనుకున్న నిబంధన మాత్రం చివరికి నిలవలేదు. కార్మికుల తరఫున ఒప్పందాలు రాసే న్యాయవాదిగా నేను మళ్లీ మళ్లీ తిరగేసే కేసు ఇదే. యంత్రం వచ్చినప్పుడు 'పని' అంటే ఏమిటో ఎవరు నిర్వచిస్తారన్న ప్రశ్నను ఇంత లోతుగా తవ్విన తీర్పులు నాకు మరెక్కడా కనిపించలేదు.

పెట్టె రాకముందు, వచ్చాక

కంటైనర్ రాకముందు న్యూయార్క్ రేవులో సరుకు బస్తాలుగా, పీపాలుగా, చెక్కపెట్టెలుగా వచ్చేది. లారీ రేవు గట్టు మీదికి వచ్చి ఆగేది. అక్కడి నుంచి బాధ్యత రేవు కార్మికులది. లారీలోంచి దింపడం, లెక్క చూడడం, ఏ ఓడకు, ఏ రేవుకు వెళ్లేదో వేరు చేయడం, పలకల మీద పేర్చడం, క్రేనుకు తగిలించడం, ఓడ అడుగున కదలకుండా సర్దడం, ఇవన్నీ వాళ్లే చేసేవారు. దిగుమతి సరుకుకు ఇదే వరస తిరగబడేది. గ్యాంగులో ఇరవై మంది ఉండేవారు. ఓడ ఎక్కించడం ఎంత పనో, లారీకీ ఓడకీ మధ్య సరుకును చేతులు మార్చడం కూడా అంతే పని.

1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే లారీ రవాణా వ్యాపారి 'ఐడియల్ ఎక్స్' అనే పాత ట్యాంకరు మీద 58 కంటైనర్ పెట్టెలు ఎక్కించి న్యూజెర్సీలోని న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. విడి సరుకు ఎక్కించడానికి టన్నుకు 5.83 డాలర్లు ఖర్చయ్యే రోజుల్లో, ఈ పద్ధతిలో టన్నుకు 16 సెంట్లకు మించలేదని లెక్క కట్టారు. అంత తేడా ఉన్నప్పుడు పాత పద్ధతి బతకదని సంఘం నాయకులకూ అర్థమైంది.

ఇక్కడ పని రెండుగా చీలింది. పెట్టెను ఓడ మీదికి ఎత్తే పని రేవులోనే ఉంది, దాన్ని ఎవరూ బయటికి తీసుకుపోలేరు. పెట్టెలోకి సరుకు నింపే పని, అందులోంచి సరుకు తీసే పని మాత్రం ఎక్కడైనా జరగవచ్చు. ఫ్యాక్టరీ ఆవరణలో చేయవచ్చు, ఊరి బయట గిడ్డంగిలో చేయవచ్చు, వంద మైళ్ల దూరంలో కూడా చేయవచ్చు. మన రేవుల్లో దీన్నే స్టఫింగ్, డీస్టఫింగ్ అంటాం. న్యూయార్క్‌లో వివాదమంతా ఈ రెండో సగం మీదే. అందులోనూ ఒకే యజమాని సరుకుతో నిండే పెట్టెల గురించి పెద్దగా గొడవ లేదు. పదిమంది చిన్న వ్యాపారుల సరుకును కలిపి ఒక పెట్టెలో సర్దే వ్యాపారం కొత్తగా పుట్టింది. ఈ సరుకు కూర్పరులు రేవుకు దగ్గర్లోనే గిడ్డంగులు పెట్టి, తక్కువ జీతానికి మనుషులను తీసుకుని, రేవు కార్మికులు గట్టు మీద చేసిన పనినే చేయించసాగారు.

సంఘం అడుగులు

ఇంటర్నేషనల్ లాంగ్‌షోర్‌మెన్స్ అసోసియేషన్, అంటే ఐఎల్‌ఏ, కంటైనర్‌ను పూర్తిగా అడ్డుకోలేదు. ఈ విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ సంఘం యంత్రానికి శత్రువన్న ముద్ర అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1959 ఒప్పందంలో, యజమానుల సంఘమైన న్యూయార్క్ షిప్పింగ్ అసోసియేషన్ కంటైనర్లు వాడుకోవడానికి సంఘం ఒప్పుకుంది. బయట నింపిన పెట్టెలకు సరుకు బరువును బట్టి రాయల్టీ కోరింది. 1960లో మధ్యవర్తి తీర్పు ఆ రాయల్టీని ఓడ రకాన్ని బట్టి టన్నుకు 35 సెంట్ల నుంచి ఒక డాలరు వరకు ఖరారు చేసింది. 1964లో గ్యాంగును 20 మంది నుంచి 17 మందికి తగ్గించడానికి ఒప్పుకుని, బదులుగా ఏడాదికి 1,600 గంటల వేతనానికి హామీ తీసుకుంది.

అదే సమయంలో పశ్చిమ తీరంలో హ్యారీ బ్రిడ్జెస్ నాయకత్వంలోని రేవు కార్మికుల సంఘం ఐఎల్‌డబ్ల్యూయూ వేరే దారి పట్టింది. 1960 నాటి యాంత్రీకరణ, ఆధునికీకరణ ఒప్పందంలో యంత్రాలకు తలుపులు తెరిచి, యజమానుల చేత ఏడాదికి 50 లక్షల డాలర్ల నిధి పెట్టించింది. ఆ నిధితో పాత కార్మికులకు ఉద్యోగ భద్రత, ముందస్తు పదవీ విరమణ దక్కాయి. ఏ దారి మేలన్నది ఇప్పటికీ తెగని వాదన. డబ్బు తీసుకుని పని వదులుకున్న తరం బాగానే బతికింది. ఆ తర్వాత రేవులో చేరాలనుకున్న తరానికి చేరడానికి పని మిగల్లేదు. అందుకే నా మనసు తూర్పు తీరం వైపే మొగ్గుతుంది.

1968లో మొదలై 1969లోకి సాగిన సమ్మె తర్వాత తూర్పు తీరంలో 'కంటైనర్ నిబంధనలు' పుట్టాయి. ఓడ కంపెనీ సొంతంగా కలిగిన, లేదా అద్దెకు తీసుకున్న కంటైనర్‌లో పలువురి సరుకు కలిసి ఉండి, అది రేవుకు 50 మైళ్ల లోపల నుంచి వస్తున్నా అక్కడికే వెళ్తున్నా, దాన్ని రేవు గట్టు మీద ఐఎల్‌ఏ కార్మికులే నింపాలి, వాళ్లే ఖాళీ చేయాలి. ఫ్యాక్టరీ యజమాని తన సొంత మనుషులతో తన సరుకు నింపుకుంటే అభ్యంతరం లేదు. గిడ్డంగిలో 30 రోజులు లేదా అంతకు మించి నిల్వ ఉన్న సరుకుకూ మినహాయింపు ఉంది. నిబంధన తప్పితే ఓడ కంపెనీ పెట్టెకు 250 డాలర్లు కట్టాలి. 1973 జనవరిలో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో కూర్చుని రాసుకున్న అనుబంధ ఒప్పందం దాన్ని వెయ్యి డాలర్లకు పెంచింది. నిబంధన తప్పే గిడ్డంగులకు ఓడ కంపెనీలు కంటైనర్లే ఇవ్వకూడదని కూడా బిగించింది.

ఈ ముసాయిదాలో ఒక మాట దగ్గర కార్మిక న్యాయవాదులు ఆగి చూడాలి. సంఘం 'అన్ని కంటైనర్లు' అని రాయలేదు. 'ఓడ కంపెనీ సొంతమైన, లేదా అద్దెకు తీసుకున్న కంటైనర్లు' అని రాసింది. ఆ మాట లేకపోతే కేసు మొదట్లోనే ముగిసేది. కారణం ముందు ముందు చెబుతాను.

చట్టం ఎక్కడ అడ్డొచ్చింది

1947 నాటి టాఫ్ట్-హార్ట్లీ చట్టం తటస్థ యజమాని మీద ఒత్తిడి తెచ్చి మరొకరితో వ్యాపారం మానిపించడాన్ని నిషేధించింది. అది సెక్షన్ 8(బి)(4). 1959లో లాండ్రమ్-గ్రిఫిన్ చట్టం ఇంకో అడుగు వేసింది. ఫలానావారి సరుకు ముట్టుకోననీ, ఫలానావారితో వ్యాపారం చేయననీ యజమాని సంఘానికి మాటిచ్చే ఒప్పందాలనే చెల్లనివిగా చేసింది. అది సెక్షన్ 8(ఇ). ఉన్నదున్నట్లు చదివితే కంటైనర్ నిబంధనలు దీని కిందికే వస్తాయి. సరుకు కూర్పరులకు కంటైనర్ ఇవ్వనని ఓడ కంపెనీ సంఘానికి మాటిస్తోంది కదా.

సంఘాన్ని కాపాడింది 1967 నాటి నేషనల్ వుడ్‌వర్క్ తీర్పు. ఫిలడెల్ఫియాలో వడ్రంగులు ముందే కోసి సిద్ధం చేసిన తలుపులు బిగించడానికి నిరాకరించారు. తలుపు కోసి సరిచేయడం తాము పనిస్థలంలో ఎప్పటినుంచో చేస్తున్న పని అన్నది వారి వాదన. సొంత యజమాని దగ్గర సొంత పనిని నిలుపుకోవడమే ఒప్పందం ఉద్దేశమైతే చట్టం దాన్ని తాకదని సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. 1977లో పైప్‌ఫిటర్స్ కేసులో రెండో షరతు గట్టిపడింది. ఆ పనిని ఇచ్చే అధికారం ఒప్పందం చేసుకున్న యజమాని చేతిలో ఉండాలి. అతని చేతిలో లేని పని కోసం అతని మీద ఒత్తిడి తెస్తే, గురి అతను కాదు, వెనకున్న మరొకరు అని అర్థం.

ఓడ కంపెనీ చేతిలో ఉన్నది కంటైనర్. దాన్ని ఎవరికి ఇవ్వాలో, ఎక్కడ నింపించాలో అదే నిర్ణయిస్తుంది. నిబంధనను కంపెనీ సొంత, అద్దె పెట్టెలకు కట్టేసిన ఆ మాట విలువ ఇక్కడ తెలుస్తుంది.

బోర్డు ఒక వైపు, కోర్టు ఒక వైపు

న్యూయార్క్ నుంచి ప్యూర్టోరికోకు సరుకు పంపే కన్సాలిడేటెడ్ ఎక్స్‌ప్రెస్, ట్విన్ ఎక్స్‌ప్రెస్ అనే రెండు కూర్పరి సంస్థలకు డబ్లిన్ అనుబంధం తర్వాత కంటైనర్లు ఆగిపోయాయి. ఆ సంస్థలు ఇలాంటి కార్మిక వివాదాలను తేల్చే జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు వెళ్లాయి. 1975లో బోర్డు వారి పక్షాన తీర్పు చెప్పింది, మరుసటి ఏడాది రెండో సర్క్యూట్ కోర్టు (సుప్రీంకోర్టుకు కింద ప్రాంతాల వారీగా ఉండే ఫెడరల్ అప్పీళ్ల కోర్టుల్లో ఒకటి) దాన్ని అమలు చేసింది. 1978లో ఇలాంటివే మరికొన్ని కేసుల్లో బోర్డు అదే దారిలో నడిచింది. ఈసారి వాషింగ్టన్ డీసీ సర్క్యూట్ ఎదురు తిరిగింది. అప్పుడు సుప్రీంకోర్టు కలగజేసుకుంది.

బోర్డు చేసిన పొరపాటు చాలా సూక్ష్మమైనది, అందుకే ప్రమాదకరమైనది. గిడ్డంగిలో కూర్పరి మనుషులు ఏం చేస్తున్నారో చూసి, 'పెట్టెలో సరుకు నింపడం వీళ్ల పని, రేవు కార్మికులు గిడ్డంగిలో ఎన్నడూ పనిచేయలేదు, కాబట్టి ఇది లాక్కోవడమే' అని తేల్చింది. 1980 జూన్ 20న 5-4 మెజారిటీకి తీర్పు రాసిన జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ ఈ తర్కాన్ని మొదట్లోనే పట్టుకున్నాడు. కొత్త యంత్రం వచ్చాక, ఆ పని దొరికినవారు ఏం చేస్తున్నారన్న దగ్గర మొదలుపెడితే, పని పోగొట్టుకున్నవారు ఎన్నటికీ గెలవలేరు, ఎందుకంటే ప్రశ్న అడిగిన తీరులోనే జవాబు ఉంది. విచారణ అటునుంచి మొదలవ్వాలి. సంఘం కార్మికులు సంప్రదాయంగా ఏ పని చేసేవారు, మారిన పరిస్థితిలో ఆ పనిని నిలుపుకోవడానికి ఒప్పందం ఎలా ప్రయత్నిస్తోంది, ఆ రెండిటినీ శ్రద్ధగా చూడాలి. అలా చూసి మళ్లీ తేల్చమని కేసును బోర్డుకు పంపారు.

ఛీఫ్ జస్టిస్ బర్గర్ రాసిన అసమ్మతి తీర్పును తేలిగ్గా తీసుకోకూడదు. గట్టు మీద కాక బయట జరిగే పనిని గట్టు మీదికి రప్పించడం నిలుపుకోవడం ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న. గిడ్డంగిలో పెట్టె నింపే మనిషి కూడా కూలి చేసుకు బతికేవాడే, ఒకరి పని నిలిస్తే ఇంకొకరి పని పోతుంది. ఈ బాధను నేను కాదనను. అయితే చట్టం అడుగుతున్నది ఎవరికి నష్టం జరిగిందని కాదు, ఒప్పందం గురి ఎవరి మీద ఉందని. గురి సొంత యజమాని దగ్గరున్న సొంత పని మీదే ఉంటే, బయటివారికి కలిగే నష్టం ఎంత పెద్దదైనా దాంతో ఒప్పందం చెడదు. 1985లో వచ్చిన రెండో తీర్పు ఈ మాటను నేరుగానే చెప్పింది.

రెండో దఫా విచారణలో బోర్డు 1983లో నిబంధనలను చాలావరకు సమర్థించింది. రెండు చోట్ల మాత్రం కొట్టేసింది. ఒకటి, దిగుమతి కంటైనర్‌ను రేవు బయట ఆపి సరుకును లారీల్లోకి మార్చే లారీ సంస్థల పని. రెండోది, పాతకాలం నుంచీ ఉన్న గిడ్డంగుల్లో జరిగే పని. కంటైనర్ వచ్చాక గట్టు మీద ఆ పని అవసరమే లేకుండా పోయింది, లేని పనిని నిలుపుకోవడమేమిటి అన్నది బోర్డు వాదన. నాలుగో సర్క్యూట్ దీన్ని ఒప్పుకోలేదు. 1985 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో నాలుగో సర్క్యూట్ మాటనే నిలబెట్టింది. తీర్పు రాసింది జస్టిస్ బ్రెన్నన్, నేషనల్ వుడ్‌వర్క్ తీర్పు రాసింది కూడా ఆయనే. యంత్రం ఒక పనిని అనవసరం చేసిందన్న కారణంతో ఆ పని కోసం బేరమాడే హక్కు పోదని ఆ తీర్పు సారం. యంత్రం పనిని మింగేసే క్షణంలోనే కదా సంఘానికి బేరమాడే అవసరం వచ్చేది. అప్పుడు ఆ హక్కు లేకపోతే ఇంకెప్పుడూ అక్కర్లేదు.

గెలిచాక ఓడింది

ఇక్కడితో కేసు ముగిసిందని చాలా పాఠ్యపుస్తకాలు అనుకుంటాయి. ముగియలేదు. ఓడ కంపెనీలు ప్రజా రవాణాదారులు. ఒకే రకమైన సరుకు తెచ్చే ఇద్దరి మధ్య తేడా చూపకూడదన్నది వాటి మీద షిప్పింగ్ చట్టాలు పెట్టిన బాధ్యత. 50 మైళ్ల లోపలి కూర్పరికి ఒక న్యాయం, 51వ మైలులోని కూర్పరికి మరో న్యాయం అయితే అది వివక్ష కాదా అని ఓడ రవాణాను నియంత్రించే ఫెడరల్ మారిటైమ్ కమిషన్ ముందు ప్రశ్న వచ్చింది. 1987లో కమిషన్ నిబంధనలను చట్టవిరుద్ధమని తేల్చింది. 1988లో డీసీ సర్క్యూట్ దాన్ని సమర్థించింది. నిబంధన కార్మిక ఒప్పందంలో పుట్టినంత మాత్రాన షిప్పింగ్ చట్టం నుంచి తప్పించుకోలేదని చెప్పింది. 1980లో మార్షల్ తీర్పుకు ముందు సంఘాన్ని గెలిపించింది కూడా ఈ డీసీ సర్క్యూటే.

సంఘం తరఫు వాదన కార్మిక చట్టం మీదే సాగింది. రేవు పని ఒక నియంత్రిత రంగంలో భాగం. ఓడ కంపెనీకి సంఘం ఒక వైపు, నియంత్రణ సంస్థ ఇంకో వైపు ఉన్నప్పుడు, ఒక వైపు గెలిచిన వాదన రెండో వైపు చెల్లుబాటు కావాలంటే నిబంధన రాసేటప్పుడే ఆ లెక్క చూసుకోవాలి. మైళ్ల గీత గీయడం సంఘానికి సులువు, వివక్ష అని చూపించడం ప్రత్యర్థికి అంతకంటే సులువు.

చార్ల్స్‌టన్‌లో మళ్లీ అదే ప్రశ్న

నిబంధన పోయినా సిద్ధాంతం బతికే ఉంది. దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో 2021లో హ్యూ లెదర్‌మన్ టెర్మినల్ తెరుచుకుంది. ఆ రాష్ట్ర రేవుల సంస్థ అప్పటికే ఏళ్ల తరబడి నడిపించిన పద్ధతిలో క్రేన్లను రాష్ట్ర ఉద్యోగులు నడిపేవారు, మిగతా పని ఐఎల్‌ఏ కార్మికులు చేసేవారు. కొత్త టెర్మినల్‌లోనూ అదే అన్నారు. ఓడ కంపెనీల కూటమి అయిన యూఎస్‌ఎంఎక్స్‌తో చేసుకున్న ప్రధాన ఒప్పందం ప్రకారం కొత్త టెర్మినల్‌లో కంటైనర్ పనంతా తమదేనని సంఘం అంది. అక్కడికి ఓడలు పంపిన కంపెనీల మీద దావా వేసింది.

వాదన మళ్లీ నిర్వచనం దగ్గరే ఆగింది. 'చార్ల్స్‌టన్‌లో క్రేను నడపడం' పని అనుకుంటే అది రాష్ట్ర ఉద్యోగులది, సంఘం దాన్ని లాక్కుంటోంది. 'తూర్పు, గల్ఫ్ తీరాల్లో కంటైనర్లు ఎక్కించి దింపడం' పని అనుకుంటే అది సంఘం ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది. 2022 డిసెంబరులో బోర్డు రెండో నిర్వచనాన్ని తీసుకుంది. 2023 జులైలో నాలుగో సర్క్యూట్ సమర్థించింది. క్రేన్ల మీద ఓడ కంపెనీలకు అధికారం లేదన్న అభ్యంతరానికి, తమ ఓడలను ఏ టెర్మినల్‌కు పంపాలో నిర్ణయించే అధికారం కంపెనీలదేనని జవాబు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

ఈ ఫలితం నాకు సరైనదిగానే తోస్తుంది, కానీ అధికారం అన్న షరతు ఇక్కడ చాలా సాగింది. రేపు ఇంకో కోర్టు దాన్ని బిగించవచ్చు. దీని మీదే ఆధారపడి ముసాయిదా రాయడం నేను సిఫారసు చేయను.

తర్వాతి వంతు స్వయంచాలక యంత్రాలది. 2024 జూన్‌లో అలబామాలోని మొబైల్ రేవులో ఐఎల్‌ఏ కార్మికుల ప్రమేయం లేకుండా లారీలను లోపలికి పంపే ఆటోమేటిక్ గేటు కనిపించిందని సంఘం చర్చలు ఆపేసింది. అక్టోబరు 1 నుంచి 3 వరకు తూర్పు, గల్ఫ్ తీరాలు సమ్మెతో స్తంభించాయి. వేతనాల మీద ఆరేళ్లలో 62 శాతం పెంపుకు మాట కుదిరింది, యంత్రాల మాట తేలడానికి 2025 జనవరి 8 దాకా పట్టింది. ఫిబ్రవరిలో సభ్యులు ఆమోదించిన ఆ ఒప్పందం 2030 సెప్టెంబరు 30 దాకా నడుస్తుంది. గేటు దగ్గర కాగితం చూసే గుమాస్తా పనిని సాఫ్ట్‌వేర్ చేస్తే ఆ పని ఎవరిదన్న ప్రశ్నకు 1980 తీర్పులోని పద్ధతే దారి చూపుతుంది. గుమాస్తా ఏం చేసేవాడో ముందు రాసుకోవాలి, సాఫ్ట్‌వేర్ ఏం చేస్తోందో ఆ తర్వాత చూడాలి.

మన రేవుల దగ్గర

మన చట్టం వేరే పునాది మీద ఉంది. సెక్షన్ 8(ఇ) లాంటి నిషేధం మనకు లేదు కాబట్టి ఆ పోరాటం మనకు యథాతథంగా రాదు. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని సెక్షన్ 9ఏ కింద, కార్మికుల తగ్గింపుకు దారితీసే యంత్రాన్ని లేదా పద్ధతిని ప్రవేశపెట్టే ముందు యజమాని 21 రోజుల నోటీసు ఇవ్వాల్సి ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020లో ఇది సెక్షన్ 40గా ఉంది. నోటీసు గడువు ఇస్తుంది, పని ఇవ్వదు. డాక్ లేబర్ బోర్డుల కాలంలో నమోదైన కార్మికుడికి ఉన్న రక్షణ, 1948 నాటి చట్టం ప్రధాన రేవులకు వర్తించకుండా చేసే 1997 చట్టంతో సడలింది. విశాఖలో 2003లో కంటైనర్ టెర్మినల్ మొదలయ్యాక స్టఫింగ్, డీస్టఫింగ్ పని రేవు బయటి ఫ్రైట్ స్టేషన్లలో కాంట్రాక్టు హమాలీల చేతుల్లోకి వెళ్లింది. న్యూయార్క్‌లో పని చీలినట్లే ఇక్కడా చీలింది. ఇక్కడ మాత్రం రెండో సగాన్ని ఏ ఒప్పందమూ పట్టుకోలేదు.

రాజీ అధికారి ముందు జరిగే ఒప్పందం (1947 చట్టంలో దీన్ని సెక్షన్ 12(3) ఒప్పందం అనేవారు), ఆ సంస్థలో తర్వాత చేరేవారితో సహా కార్మికులందరికీ వర్తిస్తుంది. అందుకే ఆ కాగితంలో మ్యానింగ్ స్కేలు (ఏ పనికి ఎంతమంది అన్న లెక్క), పరిహారం అంకెల కంటే ముందు పని వర్ణన ఉండాలని నేను పట్టుబడతాను. 'బెర్తు దగ్గర క్రేను కింద పని' అని రాస్తే క్రేను పోగానే పని పోతుంది. 'ఈ రేవు ద్వారా వచ్చే సరుకును లారీకీ ఓడకీ మధ్య చేతులు మార్చే పని, అది ఏ పరికరంతో చేసినా, ఏ ఆవరణలో చేసినా' అని రాస్తే యాజమాన్యం అభ్యంతరం చెబుతుంది, బేరం అక్కడి నుంచి మొదలవుతుంది. ఆవరణ అన్న మాటను యాజమాన్యం కొట్టేయమంటే, దాని బదులు రేవు సంస్థకు లైసెన్సు అధికారమో, భూమి లీజో ఉన్న ప్రతి స్థలం అని రాయమంటాను. పని ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉందో అక్కడ కాగితం మీదే రుజువవుతుంది. టెర్మినల్‌ను ప్రైవేటు నిర్వాహకుడికి అప్పగించే రాయితీ ఒప్పందంలో సంఘం కక్షిదారు కాదు కాబట్టి, ఆ నిర్వాహకుడు ఈ పని వర్ణనను పాటించాలన్న షరతును టెండరు పత్రంలోనే చేర్చమని రేవు సంస్థను రాతపూర్వకంగా కోరాలి. సంస్థ ఇచ్చిన జవాబును, జవాబు రాకపోతే ఆ విషయాన్ని, రాజీ అధికారి దగ్గరి ఫైలులో చేర్పించాలి.